యాప్ ఎవరిదైనా.. రిజిస్ట్రేషన్ నంబరు మీదే!

ఆన్‌లైన్ కన్సల్టేషన్లు, ఏఐ సాయం.. యువ డాక్టర్లు ఒప్పుకొనే ముందు తెలుసుకోవాల్సినవి

ఇంటర్న్‌షిప్ అయిపోయింది. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది. నీట్ పీజీ కోసం ఇంకో ఏడాది కూర్చోవాలి. హాస్టల్ అద్దె, కోచింగ్ ఫీజు మళ్లీ ఇంట్లో అడగాలంటే మొహమాటం. సరిగ్గా అలాంటప్పుడే ఫోన్‌కు ఒక మెసేజ్ వస్తుంది. ఇంట్లో కూర్చుని రోజుకు రెండు గంటలు పేషెంట్లతో మాట్లాడితే చాలు, కాల్‌కు ఇంత ఇస్తాం, ఎంబీబీఎస్ ఉంటే సరిపోతుంది అని!

ఇది ఒకరిద్దరి పరిస్థితి కాదు. 2014కు ముందు దేశంలో 51 వేల పైచిలుకు ఉన్న ఎంబీబీఎస్ సీట్లు ఇప్పుడు లక్ష దాటాయి. ఏటా 2 లక్షల మందికి పైగా నీట్ పీజీ రాస్తున్నారు. పీజీ సీట్లు అందులో సగం కూడా లేవు. అంటే డిగ్రీ ఉండి, రిజిస్ట్రేషన్ ఉండి, స్థిరమైన ప్రాక్టీసు లేని యువ డాక్టర్లు వేల సంఖ్యలో ఉన్నారు. ఆన్‌లైన్ వైద్యం, మందుల డెలివరీ కంపెనీలకు కావాల్సింది కూడా సరిగ్గా వీళ్లే.

అందులో చేరడం తప్పేమీ కాదు. ఆన్‌లైన్‌లో వైద్య సలహా ఇవ్వడం చట్టబద్ధమే. కానీ ఆ యాప్‌కు మీరు ఇస్తున్నది రెండు గంటల సమయం ఒక్కటే కాదు. మీ రిజిస్ట్రేషన్ నంబరు, మీ సంతకం కూడా ఇస్తున్నారు. రేపు ఏదైనా తేడా వస్తే కంపెనీ తరఫున మాట్లాడటానికి లాయర్లుంటారు. మీ దగ్గర ఉండేవి రెండే.. మీరు రాసిపెట్టుకున్న రికార్డు, మీకు తెలిసిన నిబంధన. ఎంబీబీఎస్‌లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పని ఆ రెండింటి గురించే ఈ విశ్లేషణ.

ఆర్‌ఎంపీ అంటే మీరే

మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ లేకుండా వైద్యం చేసే వ్యక్తి అనే అర్థం స్థిరపడిపోయింది. చట్టంలో దాని అర్థం పూర్తిగా వేరు. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లోనో జాతీయ రిజిస్టర్‌లోనో పేరున్న డాక్టర్. టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో అడుగడుగునా కనిపించే ఆర్‌ఎంపీ మీరే. అక్కడున్న బాధ్యతలన్నీ మీవే.

టెలిమెడిసిన్ తెలుగువాళ్లకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో ఏర్పాటు చేసిన కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. 2019 నవంబరులో ఈ-సంజీవని సేవలు మొదలైనప్పుడు వాటిని అమల్లోకి తెచ్చిన తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అయినా ఫోన్‌లో మందు చెప్పడం చట్టం ప్రకారం ఒప్పా, తప్పా అన్న విషయంలో చాలాకాలం స్పష్టత లేదు. 2018లో బాంబే హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. సిజేరియన్ తర్వాత మళ్లీ ఆసుపత్రికి వచ్చిన మహిళకు, డాక్టర్లు అక్కడ లేకుండా ఫోన్‌లో చెప్పిన మందులతో చికిత్స చేశారు. ఆమె చనిపోయింది. ఆ డాక్టర్లకు కోర్టు ముందస్తు బెయిల్ నిరాకరించింది. దాంతో ఫోన్‌లో సలహా ఇవ్వడానికే చాలామంది డాక్టర్లు జంకారు.

ఆ సందిగ్ధం 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలతో చాలావరకు తొలగింది. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తన నిబంధనలకు వీటిని అనుబంధం-5గా చేర్చారు. 2023 ఆగస్టు 2న నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది కదా అనొచ్చు. జనరిక్ మందుల దగ్గర పెద్ద వివాదం రేగడంతో అదే నెల 23న వాటిని పక్కన పెట్టేసింది. అప్పటి నుంచి డాక్టర్లకు ప్రామాణికం మళ్లీ 2002 నాటివే అయ్యాయి.

ఏ మందు ఎప్పుడు రాయొచ్చు?

ఈ మార్గదర్శకాలు మందుల్ని నాలుగు రకాలుగా విడదీశాయి. ఆన్‌లైన్‌లో కూర్చునే ప్రతి డాక్టర్‌కూ ఇవి నోటికి రావాలి.

- జాబితా ఓ: పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, జింక్, ఐరన్ ఫోలిక్ యాసిడ్, దగ్గు బిళ్లల్లాంటివి. వీడియో, ఆడియో, మెసేజ్.. ఏ పద్ధతిలోనైనా రాయొచ్చు.
- జాబితా ఎ: తొలిసారి మాట్లాడే పేషెంట్ అయితే వీడియోలో చూశాకే రాయాలి. చర్మానికి పూసే క్లోట్రిమజోల్, కళ్ల కలకకు వేసే చుక్కల మందుల్లాంటివి ఇందులో ఉన్నాయి. బీపీ, షుగర్ పేషెంట్లు ఇప్పటికే వాడుతున్న మందుల్ని మళ్లీ రాయడం కూడా దీని కిందికే వస్తుంది.
- జాబితా బి: అదే జబ్బుకు మీరు ముందే నేరుగా పరీక్షించిన పేషెంట్‌కు, ఫాలోఅప్‌లో అదనంగా చేర్చే మందులు. మెట్‌ఫార్మిన్ వాడుతున్న పేషెంట్‌కు సిటాగ్లిప్టిన్ కలపడం ఒక ఉదాహరణ.
- నిషిద్ధ జాబితా: షెడ్యూల్ ఎక్స్ మందులు, మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) పరిధిలోని మందులు. అల్ప్రజోలామ్, ట్రమడాల్ ఈ చట్టం పరిధిలో ఉన్నవే. సైకియాట్రీకి విడిగా టెలి మార్గదర్శకాలున్నాయి. ఆ విభాగంలో పని చేసేవాళ్లు వాటిని కూడా చదవాలి.

ఫాలోఅప్ అనే మాటకూ ఇక్కడ ఒక లెక్క ఉంది. అదే సమస్యకు నేరుగా చూసి ఆరు నెలలు దాటకపోతేనే అది ఫాలోఅప్. దాటితే మళ్లీ తొలి కన్సల్టేషన్ కిందే లెక్క. యాప్‌లో 'పాత పేషెంట్' అని చూపించినంత మాత్రాన మీకు పాత పేషెంట్ అయిపోరు. గతంలో చూసింది ఇంకో డాక్టర్ కావచ్చు, అదీ వేరే జబ్బుకు కావచ్చు.

పిల్లల విషయంలో పక్కన పెద్దవాళ్లు ఉంటేనే కన్సల్టేషన్ చేయాలి. పేషెంట్ స్వయంగా కాల్ చేస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. మీరో, ఆరోగ్య కార్యకర్తో, ఇంట్లోవాళ్లో మొదలుపెడితే పేషెంట్ సమ్మతిని స్పష్టంగా అడిగి నమోదు చేయాలి. గుండెపోటు, పక్షవాతం లాంటి అత్యవసరం అనిపిస్తే ప్రథమ చికిత్స చెప్పి వెంటనే దగ్గరి ఆసుపత్రికి పంపడమే మీ పని. ఆన్‌లైన్‌లో వైద్యం కొనసాగించడం కాదు.

మన తెలుగు ఇళ్లలో తరచూ ఎదురయ్యే రెండు సందర్భాలు చూద్దాం. కొడుకు అమెరికాలో ఉంటాడు, తల్లి గుంటూరులో. కొడుకు కాల్ చేసి 'అమ్మకు ఒళ్లంతా నొప్పులట, ఏదైనా రాయండి' అంటాడు. ఆమె పేషెంట్. మాట్లాడగలిగే స్థితిలో ఉంది. కాబట్టి ఆమెను లైన్‌లోకి తీసుకుని, ఆమె సమ్మతితో ఆమెతోనే మాట్లాడాలి. ఆమె మాట్లాడలేని స్థితిలో ఉంటే, ఆమె తరఫున మాట్లాడే అధికారం కొడుకుకు ఉందని నిర్ధారించుకోవాలి. ఇక రెండోది.. డాలస్‌లో ఉన్న బావ తన జ్వరానికి మందు రాయమంటాడు. మన మార్గదర్శకాలు దేశం బయట ఉన్న పేషెంట్ల కన్సల్టేషన్లకు వర్తించవు. మీ రిజిస్ట్రేషన్ దేశంలో ఏ రాష్ట్రంలోని పేషెంట్‌నైనా ఆన్‌లైన్‌లో చూడనిస్తుంది. సరిహద్దు దాటితే ఆ రక్షణ లేదు. బంధువు కదా అని కాదనలేక చీటీ రాసి పంపితే ఇబ్బంది మీకే.

స్క్రీన్ వెనక ఏం జరుగుతోంది?

నేను చదివింది ఇంజినీరింగ్. యాప్‌లు ఎలా తయారవుతాయో చూసినవాణ్ని కాబట్టి డాక్టర్లకు ఒక మాట చెప్పాలి. ఏ యాప్‌కైనా కొన్ని కొలమానాలుంటాయి. కాల్ ఎంత త్వరగా తీశారు, ఎన్ని నిమిషాల్లో ముగించారు, పేషెంట్ ఎన్ని స్టార్లు ఇచ్చారు, కాల్ తర్వాత మందులు ఆర్డర్ అయ్యాయా.. వీటిని బట్టే ఎవరికి ఎక్కువ కాల్స్ పంపాలో నిర్ణయించే వీలుంటుంది. ఇందులో ఎక్కడా 'ఈ పేషెంట్‌ను ఆసుపత్రికి పంపడం సరైన నిర్ణయం' అనే గడి ఉండకపోవచ్చు. అలా పంపిన పేషెంట్ చిరాకుపడి ఒక్క స్టారే ఇవ్వొచ్చు కూడా.

కంపెనీ వాళ్లు చెడ్డవాళ్లని కాదు. దేన్ని కొలిస్తే దానికి తగ్గట్టే మనుషుల నడవడిక మారుతుంది. పరీక్షల్లో ర్యాంకులతో మనం చూసిందే. కానీ మార్గదర్శకాలు మీకు ఇచ్చిన గట్టి హక్కు ఒకటుంది. ఆన్‌లైన్ కన్సల్టేషన్ సరిపోతుందా, నేరుగా చూడాలా అన్నది పూర్తిగా డాక్టర్ నిర్ణయం. ఏ దశలోనైనా ఆపేసి నేరుగా రమ్మనొచ్చు. ఆ నిర్ణయం తీసుకున్నందుకు మీకు తర్వాత కాల్స్ తగ్గిస్తే, ఆ యాప్ మీకు తగినది కాదని అర్థం.

మరి కంపెనీకి బాధ్యత లేదా? ఉంది. డాక్టర్ల రిజిస్ట్రేషన్ సరిచూసుకోవాలి. పేరు, అర్హత, నంబరు పేషెంట్‌కు చూపించాలి. నిబంధనలు పాటించని యాప్‌ను బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చని కూడా మార్గదర్శకాలు చెబుతున్నాయి. చిక్కు ఎక్కడంటే, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ క్రమశిక్షణ చర్య తీసుకోగలిగేది డాక్టర్ మీద. లైసెన్సు పోయేది కూడా డాక్టర్‌కే. పేషెంట్ వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే కంపెనీనీ, డాక్టర్‌నూ ఇద్దరినీ పార్టీలుగా చేర్చొచ్చు. వైద్య సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కాబట్టి కాల్‌కు వచ్చే మొత్తంతో పాటు దాని వెంట వచ్చే బాధ్యతను కూడా లెక్కేసుకోవాలి.

సంతకానికి ముందు ఆరు ప్రశ్నలు

కంపెనీ పంపే ఒప్పంద పత్రం చివరి వరకు చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కేయడం మనందరికీ అలవాటే. సినిమా యాప్‌కైతే ఫర్వాలేదు. ఇక్కడ మాత్రం ఈ ఆరు ప్రశ్నలకు జవాబు దొరికే వరకు ఆగండి.

1. నష్టపరిహారం ఎవరిది? పేషెంట్ కేసు వేస్తే కంపెనీకి అయ్యే ఖర్చు కూడా డాక్టరే భరించాలనే క్లాజ్ ఉందేమో చూడండి. ఇండెమ్నిటీ అనే మాట కనిపించిన చోట రెండుసార్లు చదవండి.
2. సంతకం ఎవరి చేతిలో? మీ సంతకం ఫొటోను అప్‌లోడ్ చేయించుకుని ప్రతి చీటీ మీదా సిస్టమే వేసేస్తుంటే, మీరు చూడని చీటీ మీద కూడా అది పడే ప్రమాదం ఉంది. చీటీ బయటికి వెళ్లే ముందు మీ ఆమోదం తప్పనిసరిగా ఉండాలి.
3. రికార్డులు మీకు అందుతాయా? ఎవరితో, ఎప్పుడు, ఏం మాట్లాడారు, ఏం రాశారు అన్న వివరాలు డాక్టర్ భద్రపరచాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కంపెనీ వదిలేసిన మర్నాడే మీ లాగిన్ పోతే ఆ రికార్డు ఎలా చూపిస్తారు? కాపీ పొందే హక్కు ఒప్పందంలో రాయించుకోండి.
4. మందులు ఎవరు నిర్ణయిస్తున్నారు? పేషెంట్ ముందే కార్ట్‌లో పెట్టుకున్న మందులకు చీటీ ఇవ్వడమే మీ పనా? అయితే అది కన్సల్టేషన్ కాదు, ముద్ర వేయడం. అలాంటి పనికి దూరంగా ఉండటం మంచిది.
5. డబ్బు దేనికి? కాల్‌కు ఫీజు తీసుకోవచ్చు. రాసిన టెస్టులకో, పంపిన పేషెంట్లకో కమీషన్ తీసుకోవడాన్ని 2002 నిబంధనలు నిషేధించాయి. దానికి 'ఇన్సెంటివ్' అని పేరు పెట్టినా అదే.
6. బయటికి రావడం ఎలా? మానేశాక మీ పేరు, ఫొటో, నంబరు యాప్ నుంచి ఎన్ని రోజుల్లో తీసేస్తారో రాతపూర్వకంగా ఉండాలి.

దీంతో పాటు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఆన్‌లైన్ కన్సల్టేషన్లు అందులో కవర్ అవుతాయా లేదా అడగండి. ఇంకో ముఖ్య విషయం.. ఈ పాలసీలు సాధారణంగా క్లెయిమ్ వచ్చిన నాటికి అమల్లో ఉంటేనే పనికొస్తాయి. ఈ ఏడాది చూసిన పేషెంట్ రెండేళ్ల తర్వాత నోటీసు పంపొచ్చు. మధ్యలో పాలసీని వదిలేస్తే ఇప్పటిదాకా కట్టిన ప్రీమియం వృథా అవుతుంది. అందుకే ఏటా గడువులోపు రెన్యువల్ చేయించాలి.

ఏఐ రాసిస్తే సంతకం చేయొచ్చా?

ఏఐ గురించి మార్గదర్శకాలు 2020లోనే ఒక గీత గీశాయి. ఏఐ ఆధారిత వ్యవస్థలు పేషెంట్‌కు నేరుగా సలహా ఇవ్వకూడదు, మందులు రాయకూడదు. డాక్టర్‌కు సాయం చేయొచ్చు. తుది నిర్ణయం, చీటీ డాక్టర్‌వే. చాట్‌జీపీటీ ఇంకా పుట్టక ముందే రాసిన వాక్యం ఇది. ఇప్పుడే దాని అవసరం ఎక్కువగా ఉంది.

ప్రస్తుతం ఆసుపత్రుల్లోకి వేగంగా వస్తున్నది ఏఐ స్క్రైబ్. డాక్టర్, పేషెంట్ మాట్లాడుకుంటుంటే విని కేస్ షీట్ దానంతట అదే రాసేస్తుంది. రోజుకు 60 మందిని చూసే ఓపీలో ఇది నిజంగా పెద్ద ఊరట. కానీ దాని బలహీనత తెలిసి వాడాలి. ఓపెన్‌ఏఐ వాళ్ల విస్పర్ అనే మాటల్ని రాతగా మార్చే మోడల్‌ను పరిశోధకులు పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు ఒక శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని మాటల్ని అది సొంతంగా పుట్టించి రాసింది. మాటల మధ్య విరామాలు ఎక్కువగా ఉన్న చోట ఈ సమస్య ఎక్కువ. పక్షవాతం తర్వాత తడబడుతూ మాట్లాడేవాళ్లు, ఆయాసంతో ఆగి ఆగి చెప్పే వృద్ధులు.. మీ ఓపీలో అలాంటివాళ్లే కదా ఎక్కువ!

దీనికి మన భాష సమస్య తోడవుతుంది. 'గుండెల్లో మంట' అంటే ఎసిడిటీ కావచ్చు, గుండెపోటు లక్షణమూ కావచ్చు. 'కళ్లు తిరుగుతున్నాయి' అంటే కంటి డాక్టర్ దగ్గరికి పంపే విషయం కాదు. 'తిమ్మిరి', 'దడ', 'గాభరా', 'ఒంట్లో నలత'.. శ్రీకాకుళంలో ఒకలా, ఆదిలాబాద్‌లో ఇంకోలా వాడే మాటలివి. వీటిని ఇంగ్లిష్ కేస్ షీట్‌లోకి మార్చేటప్పుడు యంత్రం ఏదో ఒక అర్థాన్ని ఎంచేసుకుంటుంది. తనకు అనుమానంగా ఉందని చాలాసార్లు చెప్పదు కూడా. వాక్యం మాత్రం తప్పులేని ఇంగ్లిష్‌లో, ఎంతో నమ్మకంగా ఉంటుంది. తప్పును దాచిపెట్టేది ఆ నున్నటి వాక్యమే.

అందుకే ఒక చిన్న అలవాటు చేసుకోండి. ఏఐ రాసిన నోట్‌లో నాలుగు విషయాల్ని స్వయంగా సరిచూడండి: అలర్జీలు, మందు డోసు, కుడి ఎడమలు, 'లేదు' అనే మాట. జ్వరం లేదు, గర్భం లేదు లాంటి వాక్యాల్లో ఒక్క 'లేదు' ఎగిరిపోతే అర్థం తలకిందులవుతుంది. పేషెంట్ వాడిన అసలు తెలుగు మాటను కేస్ షీట్‌లో అలాగే ఉంచడం ఇంకా మంచిది. ఇక పేషెంట్ పేరు, ఫోన్ నంబరు, రిపోర్టు ఫొటో ఉన్నవి ఉన్నట్టుగా ఉచిత చాట్‌బాట్‌లో వేసి 'ఇదేంటో చెప్పు' అనడం అసలే వద్దు. ఆ సమాచారం ఎక్కడికి వెళ్తుందో మీ అదుపులో ఉండదు.

వాట్సాప్ గ్రూపు, రీల్స్.. జాగ్రత్త!

ఎక్స్‌రే ఫొటో తీసి బ్యాచ్‌మేట్ల గ్రూపులో పెట్టి 'ఒపీనియన్ ప్లీజ్' అనడం హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి నుంచే అలవాటు. సీనియర్ సలహా తీసుకోవడం మంచిదే. పేరు, ఐపీ నంబరు, ముఖం కనిపిస్తేనే సమస్య. పేషెంట్ ఎవరో గుర్తుపట్టగలిగే ఫొటో, కేసు వివరాలు అనుమతి లేకుండా ప్రచురించకూడదని 2002 నిబంధనల్లోనే ఉంది. గుర్తింపు తెలియకుండా చేస్తే ఆ ఇబ్బంది లేదు. పంపే ముందు పేరున్న భాగాన్ని కత్తిరించడానికి పట్టేది ఐదు సెకన్లు.

ఇకపై దీనికి డేటా చట్టం కూడా తోడవుతోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు నోటిఫై చేశారు. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే నాటికి సిద్ధం కావాలి. సొంత క్లినిక్‌లో కంప్యూటర్‌లో పేషెంట్ల వివరాలు పెట్టుకునే డాక్టర్‌కూ ఇది వర్తిస్తుంది. డేటా లీకైతే డేటా రక్షణ బోర్డుకూ, ఆ పేషెంట్లకూ తెలియజేయాలి. తగిన భద్రత చర్యలు తీసుకోకపోతే జరిమానా గరిష్ఠంగా రూ.250 కోట్ల వరకు ఉండొచ్చు. చిన్న క్లినిక్‌కు అంత వేస్తారని కాదు. కానీ రిసెప్షన్‌లో పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి మానిటర్‌కు అతికించే రోజులు పోయాయని మాత్రం అర్థం చేసుకోవాలి.

రీల్స్ చేసే డాక్టర్లకూ ఒక గీత ఉంది. డెంగీ, పాముకాటు, షుగర్ గురించి సొంత పేరుతో ప్రజలకు అవగాహన కలిగించొచ్చు. 2002 నిబంధనలు దీన్ని స్పష్టంగా అనుమతిస్తున్నాయి. అదే వీడియో చివర్లో 'నా దగ్గరికే రండి, 20 శాతం డిస్కౌంట్' అంటే అది పేషెంట్లను ఆకర్షించే ప్రకటన అవుతుంది. ఆఫర్ల పేరుతో టెలి కన్సల్టేషన్లకు పిలవడం కూడా దుష్ప్రవర్తన కిందికే వస్తుంది.

నర్సులు, ఫార్మసిస్టులకు కూడా..

ఆంధ్రప్రదేశ్‌లోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో గానీ, తెలంగాణ పల్లె దవాఖానాల్లో గానీ పేషెంట్ పక్కన కూర్చునేది చాలాసార్లు నర్సింగ్ చదివిన సిబ్బందే. స్క్రీన్ అవతల ఉన్న డాక్టర్‌కు కళ్లూ చేతులూ వాళ్లే. పేషెంట్‌కు టెలి కన్సల్టేషన్ అంటే ఏంటో వివరించి సమ్మతి తీసుకోవడం, బీపీ, పల్స్, ఉష్ణోగ్రత కొలిచి ఉన్నదున్నట్టు చెప్పడం వాళ్ల పని. కొలవని అంకెను అంచనాగా చెప్పకూడదు. డాక్టర్ అడగకపోయినా పేషెంట్ స్థితి దిగజారుతోందనిపిస్తే చెప్పేయాలి.

ఫార్మసిస్టులు వాట్సాప్‌లో వచ్చిన చీటీని చూసేటప్పుడు డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, సంతకం ఉన్నాయో లేదో చూడాలి. డాక్టర్ తనంతట తాను చీటీని నేరుగా ఫలానా మెడికల్ షాపుకు పంపాలంటే పేషెంట్ స్పష్టమైన సమ్మతి ఉండాలి. ఏ షాపులో కొనాలన్నది పేషెంట్ ఇష్టం.

ఇదే జ్ఞానంతో కొత్త దారులు

ఇదంతా చదివాక ఆన్‌లైన్ వైద్యమంటే భయపడాల్సిన పనిలేదు. ఈ నిబంధనలు, సాంకేతికత రెండూ తెలిసిన డాక్టర్లు ఇప్పటికీ తక్కువే. అందుకే ఇది కెరీర్‌గా కూడా పనికొస్తుంది. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఐస్మార్ట్ అనే ఎలక్ట్రానిక్ రికార్డు వ్యవస్థను సొంతంగా తయారు చేసుకుంది. 2016లో మైక్రోసాఫ్ట్‌తో కలిసి కంటి వైద్యంలో ఏఐ వాడకంపై పని మొదలుపెట్టింది. ఇలాంటి చోట్ల ఇంజినీర్లకు జబ్బు గురించి, డాక్టర్లకు డేటా గురించి చెప్పగలిగే మనుషులు కావాలి.

2020 నుంచి వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా మన దేశంలో వైద్య పరికరాల నియంత్రణ పరిధిలోకి వచ్చింది. దాంతో పరికరాల పరీక్షలు, అనుమతుల విభాగాల్లో వైద్య నేపథ్యం ఉన్నవారి అవసరం ఏర్పడింది. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్ లాంటి చోట్ల ఈ తరహా పని దొరుకుతుంది. మందుల దుష్ప్రభావాల్ని పరిశీలించే ఫార్మకోవిజిలెన్స్, క్లినికల్ రీసెర్చ్ ఉద్యోగాలకు హైదరాబాద్ కేంద్రం. చదువు వైపు వెళ్లాలనుకుంటే ఎంబీబీఎస్ వాళ్ల కోసం ఐఐటీ ఖరగ్‌పూర్ మూడేళ్ల మెడికల్ సైన్స్ అండ్ టెక్నాలజీ మాస్టర్స్ కోర్సు నడుపుతోంది. ప్రజారోగ్యంపై ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. పీజీ సీటు రాలేదు కాబట్టి ఇటు వెళ్లడం అని అనుకోకండి. వీటిని ఇష్టపడి ఎంచుకున్నవాళ్లే ఇందులో నిలబడతారు.

ఈ ఆదివారం చేయాల్సిన పనులు

- మీ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో పేరు, అర్హత, చిరునామా సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. రెన్యువల్ తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఐదేళ్లకు 30 గంటల సీఎంఈ కావాలి కాబట్టి సర్టిఫికెట్లన్నీ ఒకే ఫోల్డర్‌లో దాచండి.
- ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లోని హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ రిజిస్ట్రీ, నేషనల్ మెడికల్ కమిషన్ జాతీయ రిజిస్టర్.. ఈ రెండూ వేర్వేరు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు ఇవి ప్రత్యామ్నాయం కావు.
- మీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఇంటర్నెట్‌లో వెతకండి. మీరు ఎప్పుడూ చేరని యాప్‌లో మీ ప్రొఫైల్ కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకుని, తొలగించమని మెయిల్ చేయండి. కౌన్సిల్‌కూ తెలియజేయండి.
- టెలిమెడిసిన్ మార్గదర్శకాల్ని పూర్తిగా ఒకసారి చదవండి. హారిసన్ చదివినవాళ్లకు ఇది ఒక్క మధ్యాహ్నం పని.
- ప్రతి ఆన్‌లైన్ కన్సల్టేషన్‌కు ఐదు వాక్యాల నోట్ రాసుకోండి: ఎవరు, ఏ పద్ధతిలో మాట్లాడారు, ఏం చెప్పారు, మీరేం అనుకున్నారు, ఏం సలహా ఇచ్చారు. ఆసుపత్రికి వెళ్లమని చెప్పి ఉంటే ఆ మాటను తప్పకుండా రాయండి.

ఆ చివరి నోట్‌కు కాల్‌కు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. రోజుకు 20 కాల్స్ చేసేవాళ్లకు 40 నిమిషాలు. దానికి కంపెనీ డబ్బివ్వదు, స్టార్లూ పెరగవు. అయినా ఆ 40 నిమిషాలకు వీలుపడదనిపిస్తే కాల్స్ తగ్గించుకోండి, నోట్ మాత్రం మానకండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా ఒక చీటీ చూపించి 'ఇది మీరెందుకు రాశారు' అని అడిగితే, ఆ రోజు జరిగింది చెప్పగలిగేది ఆ ఐదు వాక్యాలే.